ఆదిశేషమ్మ ఈగ

ఊటీ,
8 జనవరి 1962.

ప్రభువునందు ప్రియమైన అక్క ఎస్తేరమ్మకు,

చెల్లెలు జయశీల వందనాలు. క్రిస్మస్‌కి నువ్వు కార్డు వెయ్యలేదు, నేనూ వెయ్యలేదు. ఇద్దరికీ చెల్లుకు చెల్లు.

పని ఉండి రాస్తున్నాను. పని లేకుండా నీకు ఉత్తరం రాసేంత ధైర్యం నాకు లేదు.

ఇక్కడి గాలాల క్లబ్బు సంగతి నీకు ఇదివరకే రాశాను. కొండల మీది చల్లటి ఏళ్లలో ట్రౌట్ చేపలు పట్టే పెద్దమనుషుల క్లబ్బు. వానపాము గుచ్చి పట్టడం వాళ్లకు నామోషీ. గాలపు ముల్లుకు ఈకా నూలూ చుట్టి, ఈగలా కట్టి, దాన్ని నీళ్ల మీద ఆడించి పట్టాలి. ఈ ఏడు క్లబ్బు హాల్లో ఒక అద్దాల పెట్టె చేయించారు. ఏ దేశంలో ఏ ఏటికి ఏ ఈగ వాడతారో వరసగా గుచ్చి కింద చీటీలు అంటించారు. మనకు ఇంటికో ఆవకాయ ఉన్నట్టు వాళ్లకు ఏటికో ఈగ ఉంది. ట్రౌట్‌కు కట్టేవి కొన్ని వరసలు, గ్రేలింగ్ అని మన దేశంలో లేని చేపకు కట్టేవి కొన్ని. చివరి వరస ఖాళీగా ఉంచారు. అది మన కొండలకు. సెక్రటరీ కర్నల్ గారు నన్ను పిలిపించి, మీ అమ్మ కట్టిన ఎర్రతోక ఈగ ఇక్కడ పెడదాం, ఆరు కట్టి ఇమ్మన్నారు.

అమ్మ ఈగ అద్దంలోకి ఎక్కుతోందక్కా. నాకు కావలసింది ఈకలు. అమ్మ బతికుండగా పంపిన కవరు అయిపోయింది. అమ్మ కోడి నీ దగ్గరే ఉంది. అది నీ ఒక్కదాని సొత్తేమీ కాదు. మార్చిలో సీజను మొదలయ్యే రోజున పెట్టె తెరుస్తారు, కాబట్టి ఫిబ్రవరిలో ఈకలు నాకు అందాలి.

మీ మరిది ఆనందబాబు వందనాలు చెప్పమన్నారు. చేపపిల్లల తొట్ల దగ్గర చలికి ఆయనకు దగ్గు పట్టుకుంది.

ఇట్లు,
జయశీల


ఇందుకూరుపేట,
19 జనవరి 1962.

జయశీలకు, ఎస్తేరమ్మ రాయడం.

నీ ఉత్తరం అందింది. "నీ ఒక్కదాని సొత్తేమీ కాదు" అన్న మాట మీ బావకు చదివి వినిపించాను. అన్నం తింటున్న మనిషి నవ్వి నవ్వి పొలమారి చచ్చినంత పనయింది.

అమ్మను సమాధి చేసిన మర్నాడు వచ్చావు. సమాధి మీద పూలు వాడకముందే మంచం కింద ఉన్న అమ్మ వైసు లాగి ట్రంకులో పెట్టుకున్నావు. మిషను దొరసాని వెళ్లిపోతూ అమ్మకిచ్చిన ఇనప పట్టకారు అది. బల్లకు తగిలించి, దానిలో ముల్లు బిగించి, అమ్మ కళ్లు మసకబారేదాకా ఈగలు కట్టింది. ఆ రోజు నీకు ఇద్దరి సొత్తు అనే మాట నోటికి రాలేదు.

ఊటీ చలికి నీకు కొన్ని సంగతులు గడ్డకట్టి ఉంటాయి, కరిగిస్తాను. మిషను కాంపౌండులో ఉన్న దొర, తన ఊరి ఏటిలో గ్రేలింగ్ చేపకు వేసే ఎర్రతోక ఈగను తలుచుకుని బెంగపడుతుంటే అమ్మ అది కట్టి ఇచ్చింది. ఒంటికి నెమలి ఈక పీచు, తోకకు ఎర్ర ఉన్ని. అంతవరకే వాళ్లది. పీచు కింద వేసే నూలును మైపాడు వలలవాళ్లు వలలు ముంచే తంగేడు చెక్క కషాయంలో ముంచింది అమ్మ. మెడకు చుట్టే ఈక కోసం, పందెగాడెవడూ కన్నెత్తి చూడని పుంజును పెంచింది అమ్మ. ఎర్ర పుంజులను డేగలంటారు గదా, ఇది ఎరుపో మట్టో తెలియని మాసిన డేగ. దొర వేసవికి ఊటీ పోతూ ఆ ఈగలు పట్టుకుపోతే, గ్రేలింగ్ కోసం కట్టినవాటిని అక్కడి ట్రౌట్లు ఎగబడి మింగాయి.

తరవాత అమ్మ ఆ పనిని మనిద్దరికీ పంచింది. నీ వేళ్లు సన్నం గనక నీకు కట్టడం నేర్పింది. నాకు ఈక ఏరడం నేర్పింది. ఆమె ఈకను పెదాల మధ్య పెట్టుకుని కూర్చుంటే నువ్వు "మా అమ్మ పచ్చి కోడిని తింటా ఉంది" అని వాడంతా చాటినావు. ఎందుకట్లా పెట్టుకుంటుందో ఒక్కనాడూ అడగలేదు.

ఇప్పుడు ఒక్క సంగతి చెప్పు. ఆ అద్దంలో ఈగ కింద చీటీ మీద ఏం రాస్తారు? అమ్మ పేరు రాస్తే ఈకలేం ఖర్మ, కోడినే పంపుతాను. నాకు ఆ పేరు కావాలి. ఆమె కట్టిన ఈగలు అన్నేళ్లు కొండలెక్కాయి, ఒక్కదానితోనూ ఆమె పేరు ఎక్కలేదు. సమాధి రాయి మీద తప్ప ఆదిశేషమ్మ అని ఈ లోకంలో ఎక్కడా లేదు.

ఎస్తేరమ్మ


ఊటీ,
30 జనవరి 1962.

అక్కకు,

వైసు నాది. అమ్మ బతికుండగానే నాకని చెప్పింది. నీ చేతులు రోకలి పట్టేవి. నీకు వైసెందుకు, చింతకాయలు చితక్కొట్టడానికా?

చీటీ అచ్చు వేయించడం అయిపోయింది. దాని మీద "కర్నల్స్ రెడ్" అని ఉంది. నేను అడక్కపోలేదు. అమ్మ పేరు వేయిస్తారా సార్ అని అడిగాను. ఆయన రెండుసార్లు చెప్పించుకుని, "ఆదిశేషమ్మా? ఇక్కడికొచ్చేవాళ్లకి నోరు తిరగదమ్మా" అన్నారు. ఇంకేం చెయ్యమంటావు? బల్ల గుద్ది పేచీ పెట్టడానికి అది మీ ఇందుకూరుపేట స్త్రీల సమాజం కాదు.

ఎవరి పేరయితేనేం, ఈగ అమ్మదే. చూసేవాళ్లు చూస్తారు. క్లబ్బులో ఈగలు కట్టే పని ఇకమీద మొత్తం నాకే ఇస్తామన్నారు. నువ్వు కోడిని కౌగిలించుకుని కూర్చుంటే అది పోతుంది. పంపితే పంపు, లేకపోతే కోయంబత్తూరు సంతలో పుంజులు లేకపోలేదు.

జయశీల


ఇందుకూరుపేట,
14 ఫిబ్రవరి 1962.

ప్రభువునందు ప్రియమైన చెల్లెలు జయశీలకు, నీ అక్క ఎస్తేరమ్మ ప్రేమతో వందనాలు.

నీ ఉత్తరం చదివి ప్రార్థన చేసుకున్నాను. మనసు నెమ్మదించింది. నువ్వన్నది నిజం. పెద్దవాళ్లతో మనకు పేచీ ఎందుకు?

ఇందులో ఈకలు పెట్టాను. కర్నల్ గారి పేరుకు తగ్గట్టు నిండు ఎరుపు చూసి ఏరాను. మిట్టమధ్యాహ్నం ఎండలో పట్టి చూస్తే పండుమిరపకాయల్లా ఉన్నాయి. నీ సన్నటి వేళ్లతో చక్కగా కట్టు. మరిదిగారి దగ్గుకు మిరియాల కషాయం ఇవ్వు.

నీ ప్రియమైన అక్క


ఊటీ,
25 ఫిబ్రవరి 1962.

ప్రియమైన అక్కకు వందనాలు.

ఈకలు అందాయి. ఇన్నాళ్లకు నీకు ప్రార్థన పనిచేసినందుకు సంతోషం.

నిజం చెబుతున్నాను, అమ్మ పంపినవాటికంటే ఇవే బాగున్నాయి. చివరి రోజుల్లో అమ్మకు చూపు ఆనక మాసిపోయినవన్నీ ఏరి పంపేది. నేను నోరు మూసుకుని కట్టేదాన్ని. ఇవి నిగనిగలాడుతున్నాయి. ఆరూ కట్టి ఇస్తే కర్నల్ గారు కిటికీ దగ్గర వెలుగులో తిప్పి తిప్పి చూసి, "మీ అమ్మను మించిపోయావు" అన్నారు. నువ్వు వింటే ఏడుస్తావని తెలిసే రాస్తున్నాను.

పెట్టె తెరిచే రోజున మమ్మల్నీ రమ్మన్నారు. చేపల ఆఫీసర్లూ తేయాకు తోటల వాళ్లూ అందరూ వస్తారు. మా ఆయనకు కోటు అరువు తెచ్చాను.

జయశీల


ఊటీ,
20 మార్చి 1962.

ఎస్తేరమ్మకు,

అక్క అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

పెట్టె తెరిచారు. చప్పట్లు కొట్టారు. ఆ ఆరింటిలో రెండు తీసుకుని కర్నల్ గారు వచ్చినవాళ్లందర్నీ వెంటబెట్టుకుని ఏటికి పోయారు. నన్ను కూడా రమ్మన్నారు, గట్టు మీద నిలబెట్టి, ఈమే కట్టింది అని చూపించారు. ఈగ నీళ్లలో పడింది. తడిసేసరికి నల్లగా, మాడిన అప్పడం ముక్కలా అయిపోయింది. ట్రౌట్ పైకి వచ్చింది, చూసింది, తోక తిప్పుకుని పోయింది. ఆ వెనక వచ్చినవీ అంతే. మధ్యాహ్నం దాకా విసిరారు. పక్కన ఎవరో అంగడిలో కొన్న ఈగతో బుట్ట నింపుకున్నారు. అరువు కోటులో ఆయన ముఖం చూడలేకపోయాను.

కర్నల్ గారు తిరిగొచ్చీ రాగానే పెట్టెలోంచి తన పేరు చీటీ పీకేశారు. వరస ఖాళీగా కనబడితే బాగుండదని, మిగిలిన నాలుగు ఈగలూ అట్లాగే ఉంచి, "ఎవరిదో వాళ్ల పేరే రాసి పెట్టండి" అన్నారు. గుమస్తా నా వైపు చూశాడు. నేను అక్షరం అక్షరం చెప్పి రాయించాను. ఆ-ది-శే-ష-మ్మ. నువ్వడిగిందే ఇచ్చాను, తీసుకో.

నోరు తిరగదన్నారు గదా. బ్రహ్మాండంగా తిరుగుతోంది. ఇప్పుడు ఖాళీ బుట్టతో ఎవరొచ్చినా "ఏం, ఆదిశేషమ్మ వేశావా?" అని నవ్వుకుంటున్నారు.

ఏం ఈకలే అవి? ఏ కోడివి?

జయశీల


ఇందుకూరుపేట,
31 మార్చి 1962.

జయశీలా,

అవి అమ్మ కోడివి కావు. పక్క వీధి బడేసాహెబ్ పందెం డేగవి. అడిగి తెచ్చుకున్నాను. "ఎందుకమ్మా ఇయ్యి, తలగడలోకా?" అని అడిగినాడు. మా చెల్లెలి మీద పందెం కాసినాను అని చెప్పాను.

కావాలనే పంపాను. ఎండలో ఎర్రగా ఉన్న ఈక తడిస్తే నల్లబడుతుంది. అమ్మ కోడి ఈక ఎండలో మట్టి, తడిస్తే తేనె. అందుకే ఏ ఈకనూ పొడిగా చూసి ఏరకూడదు. నోట్లో పెట్టుకుని తడిపి చూడాలి. "ఎండలో చూసేది మనం మే. చేప యాడ చూస్తాది?" అనేది అమ్మ. పచ్చి కోడి అని నువ్వు నవ్వింది దాన్నే. ఈకలు కవరులోంచి తీసి ఒక్కదాన్ని తడిపి చూసినా నా బండారం బయటపడేది. చూడవని నాకు తెలుసు. అమ్మకు చూపు ఆనక మాసినవి పంపిందట! ఆ మాట రాసిన చెయ్యి విరిచెయ్యాలనిపించింది.

నేను ముంచాలనుకున్నది కర్నల్ పేరును. ఆయన చీటీ కింద ఆ దరిద్రపు ఈగ ఉంటే ఊరంతా నవ్వుతుందని మురిసిపోయాను. నువ్వు దాని మీద అమ్మ పేరు పెట్టావు. కన్న కూతురివై, అక్షరం అక్షరం చెప్పి మరీ పెట్టించావు.

నేను తీసిన గోతిలో అమ్మను పడేశావు జయా. నవ్వుతున్నారని నువ్వు రాసిన ముక్క చదివి రెండు రోజులు అన్నం తినలేదు. గుడిలో మోకరిస్తే ప్రార్థన రాలేదు, నీ పేరూ నా పేరూ కలిపి తిట్లే వచ్చాయి.

ఆ ఈగలు తీసెయ్యి. ఎట్లా తీస్తావో నాకు తెలియదు. అద్దం పగలగొట్టు.

ఎస్తేరమ్మ


ఊటీ,
12 ఏప్రిల్ 1962.

అక్కకు,

పెట్టెకు తాళం. తాళంచెవి కర్నల్ గారి దగ్గర. వచ్చే మార్చి దాకా తియ్యరట, అడిగి చీవాట్లు తిన్నాను. అద్దం పగలగొడితే మా ఆయన కొలువు పోతుంది.

తడిపి చూడాలని నాకెవరూ చెప్పలేదు. అమ్మ చెప్పలేదు, నువ్వు చెప్పలేదు. అడగలేదని అంటావు. నేను చిన్నదాన్ని, నవ్వాను. పెద్దదానివి, నువ్వేం చేశావు? అదొక్కటీ నాకు తెలియకుండా ఇన్నేళ్లు దాచుకున్నావు, నామీదికి విసరడానికి పనికొస్తుందని.

ఏడుస్తూ రాస్తున్నానని అనుకోకు. ఇక్కడ పొగ ఎక్కువ.

వచ్చే మార్చిలో పెట్టె తెరిచేటప్పటికి అసలైన ఈకలు నా చేతిలో ఉండాలి. లేకపోతే ఆ ఈగలే ఉంటాయి, ఆ పేరే ఉంటుంది. ఇంక నీ ఇష్టం.

జయశీల


ఇందుకూరుపేట,
28 డిసెంబరు 1962.

జయశీలకు,

కోడి ఈకలు రాల్చి, బోడిమెడతో తిరిగి, ఇప్పటికి కొత్తవి వేసింది. వానల్లో దానికి తెగులు తగిలింది. వాడలో సగం కోళ్లు పోయాయి. దీన్ని వంటింట్లో గంప కింద పెట్టి, వెల్లుల్లి నూరి మింగించి, పక్కనే చాప వేసుకుని పడుకున్నాను. కోడికి చేసిన సేవ నాకెప్పుడన్నా చేశావా అని మీ బావ సణుగుడు. బతికింది.

మెడ కింది పొరలోవి మాత్రమే ఏరాను. ఒక్కొక్కటీ నోట్లో పెట్టి తడిపి, వెలుగుకు ఎదురుగా పట్టి చూశాను. తేనె రంగు రానివి పొయ్యిలో వేశాను. తంగేడు నూలు కూడా మైపాడు పోయి ముంచుకొచ్చాను, చుట్ట పెట్టాను. అక్క ఎంగిలి అని అసహ్యపడతావేమో. అమ్మ ఎంగిలి తిని పెరిగిన నోరే గదా నీదీ.

నన్ను నమ్మొద్దు. కట్టేముందు నువ్వూ తడిపి చూసుకో.

దాచుకున్నావని రాశావు. దాచుకున్నాను. వైసూ నీకే, సన్నటి వేళ్లూ నీకే, ఊటీ నీకే. నాకంటూ అమ్మ ఇచ్చింది అదొక్కటే. ఇప్పుడు అదీ నీకు ఇచ్చేశాను. ఇంక నా దగ్గర ముసలి పుంజు తప్ప ఏమీ లేదు.

ఎస్తేరమ్మ


ఊటీ,
24 మార్చి 1963.

అక్కకు,

పెట్టె తెరిచిన రోజున గుమస్తా కంటే ముందు నేనే చెయ్యి పెట్టి ఆ నల్లటి పీడలను పీకి కొత్తవి గుచ్చాను. కర్నల్ గారు మట్టి రంగు చూసి పెదవి విరిచారు. తోటల ఆయన ఒకరు వేళాకోళానికి ఒకటి తీసుకుని, "పదండి, ఆదిశేషమ్మతో ఉపవాసం చేద్దాం" అని ఏటికి పోయారు.

సాయంత్రానికి బుట్ట మొయ్యలేక ఇద్దరు మనుషుల చేత మోయించుకొచ్చారు. ఈగ నీళ్లలో పడితే దీపం వెలిగించినట్టుందట. ఆ మాట ఆయనదే, నాది కాదు.

మర్నాడు కర్నల్ గారు కబురు పెట్టారు. కొత్త చీటీ వేయిద్దాం, మళ్లీ "కర్నల్స్ రెడ్" అనే పెడదాం అన్నారు. వద్దు సార్ అన్నాను. నోరు తిరగదు గదమ్మా అన్నారు. "ఏడాది పొడుగునా నవ్వడానికి తిరిగింది గదా సార్" అన్నాను. అట్లా అన్నది నేనేనా అని ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు. ఆయన చీటీ వేయించడం మాత్రం వేయించారు. లాభం లేకపోయింది. వెక్కిరించి వెక్కిరించి అందరికీ ఆ పేరే నోటికి పట్టేసింది. మా గుమ్మం ముందు కార్లు ఆపి, "ఆదిశేషమ్మ ఉన్నారా?" అని ఈగ కోసం అడుగుతున్నారు. చివరికి గుమస్తానే, పెట్టెకు తాళం పడకముందే, కొత్త చీటీ తీసేసి పాతది అంటించాడు.

కర్నల్ గారు నాతో మాట్లాడటం మానేశారు. క్లబ్బు పని ఇంకెవరికో ఇచ్చారు. వాళ్లకు ఈక దొరకదు, అది వేరే సంగతి.

నిన్ను నేను క్షమించలేదు. నువ్వూ క్షమించానని రాయొద్దు, రాసినా నమ్మను. పుంజు ముసలిదయిందన్నావు, చచ్చేలోగా దాని రంగు పిల్లలు దిగేట్టు చూడు. ఈకలు పంపుతూ ఉండు. ఉత్తరం అక్కర్లేదు.

నువ్వు చెప్పావని కాదుగానీ, కట్టేముందు ఒక్కొక్కటీ తడిపి చూశాను. నీ ఎంగిలికి ఉప్పు ఎక్కువ. పెదాల మధ్య ఈక పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని ఉంటే మా ఆయన లోపలికొచ్చి, "ఏందది, పచ్చి కోడిని తింటా ఉండావా?" అని అడిగినారు.

జవాబు చెప్పలేదు. నోట్లో ఈక ఉంది.

చెల్లెలు,
జయ